కోడలి చెరువు గోడ మీద నేను రాసిన కథ

మా బాపు బోధన్‌లో బోర్డులు రాసేవాడు. కిరాణా దుకాణాలు, మెడికల్ షాపులు, చెరుకు లారీల వెనక తలుపులు, బడి గోడలు, ఎవరు ఏది చెబితే అది. మా దగ్గర ఒక మంచి బోర్డు అంటే మూడు లిపుల్లో ఉండాలి. తెలుగు పైన, ఉర్దూ మధ్యలో, మరాఠీ కింద. మూడూ ఆయన చేతికి ఒక్కలాగే లొంగేవి. నాకు పదేళ్ళప్పుడే కుంచె ఇచ్చాడు. ఆయన సుద్దతో అక్షరం గీసి వదిలితే నేను లోపల రంగు నింపేదాన్ని. గీత దాటితే కోప్పడేవాడు కాదు. కిరసనాయిలు గుడ్డ నా చేతిలో పెట్టి, "తుడిచి మల్ల నింపు బిడ్డా" అనేవాడు. పదో తరగతి అయ్యేసరికి తెలుగు అక్షరం నేనే గీస్తున్నాను. ఉర్దూ మాత్రం నాకు ఎంతకీ పట్టుబడలేదు, ఎడమ నుంచి వెళ్ళే చెయ్యి కుడి నుంచి రానంది.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం బాపు టాకీసు గోడ దగ్గర నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు ముడుచుకునేవి గాని కుంచె నిలిచేది కాదు. అప్పటికి నాకు పందొమ్మిది. అమ్మ బీడీలు చుట్టేది. ఒప్పుకున్న పనులు ఒప్పుకున్నట్టే ఉన్నాయి. నేను బాపు పాత అంగీ ఒకటి లంగా మీద తొడుక్కుని, నిచ్చెన భుజాన వేసుకుని బజారుకు బయలుదేరాను. ఆయన రంగుల డబ్బా పట్టుకుని వెనకాల వచ్చాడు.

మొదటి రోజే ఒక హోటలాయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి బయటికి వచ్చాడు.

"ఆడిపిల్ల నిచ్చెన ఎక్కుడేంది పెయింటరూ? జనం నవ్వరా?"

"నువ్వు బోర్డు సూడు సేటూ, నిచ్చెన నేను సూస్కుంట" అన్నాడు బాపు.

సాయంత్రానికి బోర్డు పూర్తయింది. హోటలాయన రోడ్డుకు అవతల నిలబడి చాలాసేపు చూసి, చాయ్ తాగి పొమ్మన్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. రెండు నెలల్లో అది పాతబడిపోయింది.

ఆ ఏడు దసరా వెళ్ళిన వారానికి ఒక పటేల్ మా దుకాణానికి వచ్చాడు. వర్ని దాటాక గుట్టల్లో ఉన్న ఒక పల్లెకు పెద్ద ఆయన. ఆ పల్లె పేరు రాయను, ఆయన మనవలు ఇప్పుడూ అక్కడే ఉన్నారు. వాళ్ళ ఊరి పైన గుట్టల నడుమ ఒక చెరువుంది. కోడలి చెరువంటారు. అంతకుముందు పశువులు కాసేవాళ్ళు తప్ప ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. ఆ ఏడు కొత్తగా మొరం రోడ్డు వేశారు. బడా పహాడ్ దర్గాకు వచ్చిన జనం దారి మళ్ళి చెరువు కూడా చూసి వెళ్తున్నారు. నిజామాబాద్ నుంచి, అటు దెగ్లూర్, నాందేడ్ నుంచి కూడా జీపులు వస్తున్నాయి. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఊరివాళ్ళు కట్ట మీద ఒక షెడ్డు కట్టారు. దాని గోడల మీద చెరువు కథ రాయించాలి. రోడ్డు వైపు గోడకు తెలుగులో, చెరువు వైపు గోడకు మరాఠీలో.

పటేల్ ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్ళ ఊరి పంతులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు.

"అక్షరం పోవద్దు పెయింటరూ. ఉన్నది ఉన్నట్టు దిగాలె."

"ఉన్నది ఉన్నట్టే రాస్తది నా బిడ్డ" అని బాపు మాటిచ్చాడు.

కాగితం నేను బస్సులో చదివాను. పూర్వం ఆ చెరువు కట్ట మూడుసార్లు తెగిందట. గంగమ్మ ఊరి దొర కలలోకి వచ్చి ఇంటి చిన్నకోడలిని ఇస్తే కట్ట నిలుస్తుందని చెప్పిందట. ఆ మాట విన్న కోడలు తలంటు పోసుకుని, పసుపు రాసుకుని, పట్టుచీర కట్టుకుని, అత్తమామల కాళ్ళకు మొక్కి, 'సంతోషముగా నవ్వుచు గండిలోకి దిగెను' అని ఉంది. అప్పటి నుంచి కట్ట తెగలేదు. కొత్త కోడళ్ళు ఆమెకు మొక్కి ఆమె ఓర్పును నేర్చుకోవాలి అనేది చివరి వాక్యం. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఎన్ని అక్షరాలున్నాయి, ఎన్ని వరసలు పడతాయి, రంగు సరిపోతుందా అనే చూశాను.

వర్నిలో బస్సు దిగి, ఎడ్లబండిలో పల్లె దాకా వెళ్ళి, అక్కడి నుంచి నిచ్చెన మోసుకుంటూ గుట్ట ఎక్కాం. దారి పొడవునా సీతాఫలం చెట్లు. కాయలు కళ్ళు విప్పి ఉన్నాయి. చివరి మలుపు తిరిగితే ఒక్కసారిగా చెరువు కనిపించింది. నేను చెరువులు చూడని దాన్ని కాదు. నిజాంసాగర్ కట్ట మీద తిరిగాను, అలీసాగర్ తోటలో మా బడి పిల్లలతో ఆడుకున్నాను. కాని అవన్నీ మనిషి చదును చేసి పెట్టిన చోట్లు. ఇక్కడ మూడు వైపులా నల్లటి గుట్టలు నేరుగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. నాలుగో వైపు ఉన్న ఖాళీని మూస్తూ ఆ కట్ట. నీళ్ళు ఒడ్డున పచ్చగా, నడుమ నల్లగా ఉన్నాయి. తామరాకుల మీద ఎర్రకాళ్ళ పిట్టలు నడుస్తున్నాయి. ఎడమ గుట్ట మీద ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు రెండు బండలున్నాయి, వాటిని ఏనుగు బండ అంటారు. వానాకాలం అయితే దాని పక్క నుంచి నీళ్ళు దూకుతాయట. కట్ట మీద నిలబడి ఇటు తిరిగితే కింద కాలువలు, కాలువల వెంట చెరుకు తోటలు, ఎండ బాగుంటే దూరంగా మా బోధన్ షుగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం సన్నగా కనబడుతుంది. బాపు నిచ్చెన దించి, "గింత పైకి వచ్చినా మన ఊరు ఇడువదు సూడు" అన్నాడు.

మాకు బస ఇచ్చింది ఒక అవ్వ. కట్ట కింద గుడిసె వేసుకుని ఒక్కతే ఉండేది. పొద్దున చేపలు, మధ్యాహ్నం సీతాఫలాలు అమ్మేది. వయసు ఎంతో ఆమెకూ తెలియదు. షెడ్డు గోడకు నేను తెల్లరంగు పూస్తుంటే వచ్చి వెనకాల కూర్చుంది.

"ఏం రాస్తవు బిడ్డా గాడ?"

"చెరువు కథ అవ్వా. కోడలి కథ."

"ఏ కత?"

"ఎన్ని కథలున్నయి?"

అవ్వ సీతాఫలం గింజలు పక్కకు ఉమ్మి, "పటేలోళ్ళది ఒకటి, మాది ఒకటి" అంది. "మా తాతల తాతలు గీ కట్టకు మట్టి మోసినోళ్ళు. మా కత ఎవ్వలూ రాయరు, మేం నోటితోనే సెప్పుకుంటం."

చెప్పమన్నాను. చెయ్యి ఆపకుండానే విన్నాను.

"కట్ట మూడుసార్లు తెగింది, గది నిజమే. ఎందుకు తెగింది? ఉత్త మట్టి పోసిరి. లోపల రాయి ఎయ్యకపాయె. అవతలి గుట్ట నుంచి బండ్లు కట్టి రాయి తేవాలంటె దొరకు మనసు రాకపాయె. మూడోసారి గండి పడంగనె, గంగమ్మ పానం అడుగుతున్నదని మాట పుట్టిచ్చిండ్రు. చిన్నకోడలు మగనికి సద్ది తీస్కొని వచ్చింది. ఉంగురం గుంటల పడ్డది, దిగి తియ్యి బిడ్డా అన్నరు. దిగింది. దిగంగనె మట్టి పొయ్యుండ్రి అన్నరు."

"పోసిండ్రా?"

"నాలుగు తట్టలు పోసిండ్రు. ఆమె నవ్వలే బిడ్డా. మొత్తుకున్నది. గుట్టలన్ని పలికినయట. మట్టి మోసే ఆడోళ్ళు తట్టలు ఇసిరికొట్టిండ్రు. మా ముత్తవ్వ కొంగు ఇప్పి గుంటలకు ఇడిసింది. గా కొంగు పట్టుకొని పైకొచ్చింది కోడలు. గుట్టెక్కి పోయింది. మల్ల అత్తగారింటి మొకం సూడలే."

"మరి కట్ట ఎట్ల నిలిచింది?"

"ఆడోళ్ళు తట్ట ముట్టనే ముట్టం అన్నరు. రాయి తెప్పిస్తెనే పని జేస్తమన్నరు. తెప్పిచ్చిండ్రు. కట్ట నిలిచింది రాయితోటి బిడ్డా, పానంతోటి గాదు."

సాయంత్రం ఎండ చల్లబడ్డాక అవ్వ నన్ను ఏనుగు బండ వెనకకు తీసుకెళ్ళింది. ఒక బండ కింద నలుగురు కూర్చునేంత గుహ ఉంది. లోపల నేల మీద రాతిలో ఒక గుంట, రోలంత లోతు, నున్నగా అరిగి ఉంది. కోడలు అక్కడ ఉండి జొన్నలు దంచుకుందని అవ్వ చెప్పింది. నేను గుంటలో చెయ్యి పెట్టి చూశాను. ఎవరో ఒకరు ఎన్నో ఏళ్ళు అక్కడ ఏదో దంచారు. అంతవరకే నాకు తెలుసు, అంతకు మించి తెలుసని ఇప్పుడూ చెప్పను.

బాపుకు చెప్పాను. ఆయన ఎడమ చేత్తో బీడీ వెలిగించుకుంటూ విన్నాడు.

"కథ మంచిగున్నది. కని మనం రాసేటోళ్ళం బిడ్డా. మాట గిరాకీది, అక్షరం మనది. గట్లనే బతికినం."

"తప్పు మాటైతే?"

"ఒక సేటు దుకాణం పేరే తప్పు రాయించుకున్నడు. చెప్పిన, వినలే. రాసిచ్చిన. మనకెందుకు?"

రెండో రోజు పొద్దున సుద్ద దారం కొట్టి వరసలు వేశాను. మొదటి సగం రాశాను. మధ్యాహ్నానికి 'సంతోషముగా నవ్వుచు' దగ్గరికి వచ్చాను. అక్షరాలు సుద్దతో గీసి, రంగు కలుపుకుంటూ ఉంటే కింద నుంచి డప్పు చప్పుడు వినిపించింది.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో కొత్త కోడలిని మొదటి దీపావళి లోపల ఆ కట్టకు తెచ్చి మొక్కించాలని ఆచారం. పదిహేను మంది దాకా వచ్చారు. నడుమ ఆ అమ్మాయి. నా ఈడుదే, ఇంకా చిన్నదేమో. కాళ్ళకు పసుపు, చేతుల నిండా గాజులు. గుట్ట ఎక్కి వచ్చిన ఆయాసం తీరకముందే ఆమెను గండి పడిందని చెప్పే చోట కూర్చోబెట్టి, తల నేలకు ఆనించి మొక్కించారు. అత్త కాబోలు, పక్కన నిలబడి పైకే చెప్పింది.

"గామె లెక్క ఉండాలె. ఎదురు మాట లేకుంట దిగింది. ఇన్నవా?"

అమ్మాయి తల ఊపింది. పెద్దవాళ్ళు కొబ్బరికాయలు కొట్టే పనిలో పడ్డారు. ఆమె షెడ్డు నీడకు వచ్చి, నిచ్చెన మీద ఉన్న నన్ను వింతగా చూసింది.

"అక్కా, నువ్వే రాస్తున్నవా?"

"నేనే."

"నాకు సదువు రాదు. ఏం రాసిండ్రు గాడ? సదువు."

చదివాను. కల, తలంటు, పట్టుచీర. తడి రంగు ఆగిన చోటికి వచ్చాక, సుద్ద గీతల మీద వేలు పెట్టి, "సంతోషంగా నవ్వుతూ గండిలకు దిగింది" అని చదివాను.

"నవ్వుకుంటనా?" అంది ఆ అమ్మాయి.

అంతే. వెటకారం లేదు, ఏడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. గండి వైపు ఒకసారి చూసింది, నా వైపు చూసింది. గండి దగ్గర నుంచి అత్త పిలిచింది, వెళ్ళిపోయింది. డప్పు మళ్ళీ మొదలై గుట్ట దిగిపోయింది.

నేను కుంచె డబ్బాలో పెట్టి కిందికి దిగాను. ఆ రోజు ఇంక ఒక్క అక్షరం రాయలేదు. నాకు కోపం వచ్చింది, కాని ఎవరి మీదనో వెంటనే తెలియలేదు. పటేల్ మీద అనుకున్నాను. పంతులు మీద అనుకున్నాను. చివరికి తెలిసింది. ఆ అమ్మాయికి ఆ మాట చదివి వినిపించింది నా నోరు. ఆ తర్వాత వచ్చే ప్రతి అమ్మాయికీ ఆ మాట చెప్పబోయేది నా చేతి రాత.

మూడో రోజు తెల్లారగానే గుడ్డ తడిపి సుద్ద గీతలు తుడిచేశాను. 'సంతోషముగా నవ్వుచు' తీసేసి, 'కోడలిని గండిలోకి దింపిరని ఊరి పెద్దల కథ' అని రాశాను. చివరి వాక్యం వదిలేశాను. ఆ చోట ఎర్రరంగుతో ఇంకో ఆరు వరసలు రాశాను. 'ఈ కట్టకు మట్టి మోసినవారి కథ వేరు' అని మొదలుపెట్టి ఉంగరం, తట్టలు, కొంగు, రాయి అన్నీ పెట్టాను. ఎవరూ చూడకుండా రాయలేదు. పొద్దు బారెడు ఎక్కింది. పశువులు కాసేవాళ్ళు చూశారు, జీపుల్లో వచ్చినవాళ్ళు చూశారు. అవ్వ కింద కూర్చుని చదవమని అడిగింది. ఒక్కో వరస అయ్యాక చదివి వినిపించాను. కొంగు మాట వచ్చినప్పుడు ఆమె లేచి గోడ దగ్గరికి వచ్చి, ఏ అక్షరాలు కొంగో చూపించమంది. చూపించాను. తడి రంగుకు తగలకుండా వేలు దగ్గరగా పెట్టి అట్లాగే నిలబడింది.

బాపు నేను రాసింది మొత్తం చదివాడు. సన్న కుంచె ఒకటి, నీలం డబ్బా ఒకటి తీసుకుని షెడ్డుకు అవతలి వైపు, చెరువు ముఖంగా ఉన్న గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎడమ చేత్తో మరాఠీ మొదలుపెట్టాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాడని, నా మీద కోపంతోనే అటు పోయాడని అనుకున్నాను. నేను చూడటానికి కూడా వెళ్ళలేదు.

మధ్యాహ్నం దాటాక పటేల్ వచ్చాడు. ఆయన చిన్నప్పుడు చదివింది ఉర్దూ. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. పైనుంచి మొదలుపెట్టి, వేలితో గాలిలో గీస్తూ, నిదానంగా చదివాడు. ఎర్ర అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ముఖం మారింది.

"గిదేంది పెయింటరూ? గిది నా కాగితంల లేదు."

బాపు అవతలి వైపు నుంచి వచ్చాడు. ఆయన మాట్లాడేలోపే నేను నిచ్చెన దిగాను.

"నేను రాసిన పటేలా."

"ఎవలు రాయమన్నరు?"

"కట్ట కట్టినోళ్ళ మాట. మీ మాట గూడ పైన్నే ఉన్నది, చెరపలే. నవ్విందన్న మాట, ఓర్పు నేర్సుకోవాలన్న మాట రాయలే."

"ఎందుకు రాయవు? మా తాతల కాడికెల్లి వస్తున్న మాట!"

"నవ్వుకుంట దిగిందని మీ తాత సూసిండా?"

"మరి పైకొచ్చిందని గీ ముసల్ది సూసిందా?"

"సూడలే. అందుకే రెండు కథలు రాసిన. ఒక్కటే రాయమంటె నాతోని కాదు."

ఆయన గొంతు పెద్దది చేశాడు. మా దేవతను అవమానించావన్నాడు. ఆడపిల్ల చేతికి కుంచె ఇస్తే ఇట్లాగే ఉంటుందని బాపును తిట్టాడు. ఇప్పటికిప్పుడు తుడవమన్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నేను తుడవ. మీ గోడ, మీ ఇష్టం. మీరే తుడుసుకోండ్రి."

ఊళ్ళోంచి సున్నం తెప్పించాడు. మేము సామాను కట్టుకునేలోపే మా ముందే తెలుగు గోడ మీద రెండు పూతలు కొట్టించాడు. అవతలి గోడ మీద మరాఠీ ఆయన చదవలేడు. దాన్ని అట్లాగే వదిలేశాడు. అవ్వ ఒక బుట్ట నిండా సీతాఫలాలు పోసి నా నెత్తికి ఎత్తింది. పటేల్ చూస్తుండగానే ఎత్తింది. "పో బిడ్డా. మల్ల రా" అంది.

బస్సులో బాపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత నాలుగు రోజులు అవసరం ఉంటే తప్ప పలకలేదు. ఆ గుట్టల వైపు పల్లెల నుంచి రావలసిన పనులు రాలేదు. చెరుకు లారీల వాళ్ళు ఇద్దరు వేరే పెయింటర్ దగ్గరికి పోయారు. అమ్మ బీడీలు చుట్టే చాట ముందు పెట్టుకుని, "ఒక్క మాట కొరకు గింత అవసరమా?" అని ఒకరోజు అడిగింది. అవసరమే అన్నాను.

ఎనామిల్ రంగు మీద సున్నం నిలవదు. పెయింటర్లందరికీ తెలిసిన సంగతే. పటేల్‌కు తెలియదు. తర్వాతి జూన్‌లో మొదటి వానలకే సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఎర్ర అక్షరాలు కడిగినట్టు బయటపడ్డాయి. మళ్ళీ కొట్టించాడు, మళ్ళీ రాలింది. మూడోసారి కూడా అయ్యాక, ఆయనే బోధన్ వచ్చి మా దుకాణం ముందు నిలబడ్డాడు. నన్ను చూడనట్టే బాపుతో మాట్లాడాడు.

"పాత మాటలు ఇడిసిపెడుదాం. గా గోడకు నల్ల పెయింట్ కొట్టి, నా కాగితం రాసియ్యి. చెయ్యి మంచిగైందటగద."

బాపు చెయ్యి పూర్తిగా కాకపోయినా నయమైంది. అప్పుడప్పుడు రాస్తున్నాడు కూడా. నేను కుంచెలు కడుగుతున్నదాన్ని ఆగి ఆయన వైపు చూశాను.

"పటేలా, మా దుకాణానికి ఒక కాయిదా ఉన్నది" అన్నాడు బాపు. "మేం రాసినదాన్ని మేమే చెరపం. వేరేటోళ్ళను సూస్కో."

అట్లాంటి కాయిదా మాకు ఎప్పుడూ లేదు. అంతకు ముందు నెలలోనే ఒక బట్టల దుకాణం బోర్డు చెరిపి కొత్తది రాశాం. పటేల్ వెళ్ళిపోయాక నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బాపు నవ్వలేదు, "కడుగు, కుంచె ఎండుతది" అన్నాడు.

ఆ చలికాలం దెగ్లూర్ నుంచి ఒకామె వచ్చింది. వాళ్ళు బోధన్ సంతలో మిరపకాయలు అమ్ముతారు. తడికెలతో కొత్తగా వేసుకున్న దుకాణానికి మరాఠీలో బోర్డు కావాలి. మాటల్లో, కోడలి చెరువు గోడ మీద ఎడమవాటంగా ఉన్న మరాఠీ రాత చూశానని, ఎవరిదో అడిగితే మీ దుకాణం అన్నారని చెప్పింది. కథ చదివి తనకు ఏడుపు వచ్చిందంది. ఏ కథ అని అడిగాను. కొంగు పట్టుకుని పైకి వచ్చిన కోడలి కథ అంది. రాయి తెచ్చేదాకా తట్ట ముట్టని ఆడవాళ్ళ కథ అంది. దొర కలలోకి గంగమ్మ వచ్చిన మాట అక్కడ ఎక్కడా లేదంది. ఊరి పెద్దల కథ ఒక్క వరస కూడా లేదు. నేను రెండు కథలూ రాశాను, ఆయన ఒక్క అవ్వ కథే రాశాడు.

ఆమె వెళ్ళాక బాపును అడిగాను.

"నాదేమున్నది బిడ్డా? రాసింది ఎడమ చెయ్యి. గది నా మాట ఎన్నడు ఇన్నది?" అని ఆయన దుకాణం లోపలికి వెళ్ళిపోయాడు. ఏడాది పాటు ఆ చెరువు వైపు గోడ అలా నిలబడి ఉంది, నాకు తెలియనే లేదు. వారం తిరగకుండా బస్సెక్కి వెళ్ళి చూశాను. అక్షరాలు వంకరగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, ఆయన జీవితంలో అంత చెడ్డగా రాసిన బోర్డు ఇంకొకటి లేదు. ఎదురుగా నీళ్ళ అంచున కూర్చుని మొత్తం చదివాను. అవ్వకు తెలుగులో చెప్పాను. "పెయింటరు గట్టోడే" అంది.

ఆ రెండు గోడలూ పది పన్నెండేళ్ళు అట్లాగే ఉన్నాయి. పటేల్ పోయాడు, అవ్వ పోయింది, ఆ తర్వాత బాపు కూడా పోయాడు. రెండు వేలు దాటాక రోడ్డు తారు రోడ్డయింది. షెడ్డు కూలగొట్టి పెద్దది కట్టారు. చెరువులో పడవలు వేస్తారని, కొత్త బోర్డు పెడతారని తెలిసి నేను ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుని వెళ్ళాను. అప్పటికి ఊళ్ళో ఫ్లెక్సీలు వచ్చేశాయి, నా చేతికి పని తగ్గింది. ఖాళీ ఉంది, నోరు ఉంది. బల్ల వెనక ఉన్న సారు అర్జీ చదివి, మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, మీరు చెప్పే కథకు ఆధారం ఏమన్న ఉన్నదా? పుస్తకంల గాని, శాసనంల గాని?"

"లేదు సార్. మీరు పెట్టబోయే కథకు ఉన్నదా?"

ఆయన ఫైలు తిప్పాడు. పంతులు రాసిన ఆ పాత కాగితానికే టైపు చేసిన నకలు అందులో ఉంది. దాన్నే నాకు చూపించాడు.

"గిది మా దుకాణానికి వచ్చిన కాగితమే సార్" అన్నాను. "గిది ఆధారమైతె, నా గోడ గూడ ఆధారమే."

ఆయనకు నవ్వొచ్చింది. పైకి పంపిస్తానన్నాడు. మూడుసార్లు తిరిగాను. బోర్డు పెట్టారు, స్టీలు బోర్డు, తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో. ఏనుగు బండకు దారి, దర్గాకు ఎన్ని కిలోమీటర్లు, నిజాంసాగర్‌కు ఎన్ని, అన్నీ ఉన్నాయి. కథ మాత్రం ఒక్కటే ఉంది, పంతులు కాగితంలోది. నేను ఓడిపోయానని మా అమ్మ అంది. బోర్డు మీద ఓడిపోయాను, అది నిజం.

బోర్డుల పని పోయాక నేనూ బీడీలకే దిగాను. పోయిన సీతాఫలాల కాలంలో మా వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్ళం ఎనిమిది మందిమి ఒక జీపు మాట్లాడుకుని వెళ్ళాం. దర్గాకు వెళ్ళి, అక్కడి నుంచి చెరువుకు. టిఫిన్ డబ్బాలు విప్పి కట్ట మీద కూర్చున్నాం. చేతులకు తంబాకు వాసన లేకుండా అన్నం తిని ఎన్నాళ్ళయిందో అని ఒకామె అంది. వాళ్ళకు కథ మొదటి నుంచి చెప్పాను. ఉంగరం దాకా వచ్చేసరికి పక్క గుంపులో వాళ్ళు కూడా ఇటు జరిగారు. నాలుగు తట్టల మట్టి దగ్గర ఉండగా కాపలా మనిషి కర్ర పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, బోర్డు మీద ఉన్న కథనే చెప్పాలె. వేరేవి చెప్తే ఊరోళ్ళు నన్ను అంటరు."

"బోర్డు కథ బోర్డు చెప్తది తమ్మీ. నువ్వు గూడ కూసో, ఇను."

కూర్చోలేదు. కాని పోలేదు కూడా, కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. పక్క గుంపులో ఒక అమ్మాయి తన చంటిపిల్లను ఒళ్ళోకి సర్దుకుని, "తర్వాత ఏమైంది?" అంది. నాలుగు తట్టల మట్టి దగ్గర ఆపాను కదా, అక్కడి నుంచి, అవతలి గుట్టకు కూడా వినబడేలా, మళ్ళీ మొదలుపెట్టాను.